పారేసిన పతకం

గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే మనం అవార్డుల జాబితాలు బట్టీ పడుతుంటాం. ఏ పతకం ఎవరికి వచ్చింది, ఏ సంవత్సరంలో వచ్చింది, ఎందుకు వచ్చింది. నాలుగు ఆప్షన్లలో సరైనదానికి టిక్కు పెడితే ఒక మార్కు. ఆ జాబితాల్లో ఎక్కడా కనిపించని ఒక సంగతి ఉంది. ఒకే మనిషికి, ఒకే రోజు చేసిన పనికి, ఒకే సైన్యం రెండు పతకాలు ఇచ్చింది. మొదటిది కొద్ది నెలల్లోనే ఇచ్చింది. దాని కాగితం మీద రాసింది అబద్ధం. రెండోది ముప్పై ఏళ్లకు ఇచ్చింది. దాని మీద రాసింది నిజం. మొదటిదాన్ని ఆయన పారేశారు. రెండోదాన్ని కూడా ఇవ్వగానే తీసుకోలేదు, షరతులు పెట్టి తీసుకున్నారు. ఆయన పేరు హ్యూ థాంప్సన్, అమెరికా సైన్యంలో హెలికాప్టర్ పైలట్.

మన వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి ఉంటారు. ఉండాలి కూడా. మధ్యలో ఈ అమెరికా సైనికుడెందుకని కొందరు మిత్రులు అడిగారు. మేము చెప్పిన జవాబు ఇది. ఈ హాస్టల్ నుంచి బయటికెళ్లిన మన అన్నల్లో సైన్యంలో ఉన్నవాళ్లున్నారు, సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నవాళ్లున్నారు, పోలీసు శాఖలో ఉన్నవాళ్లున్నారు. మిగిలినవాళ్లం కూడా ఏదో ఒక ఆఫీసులో కింది కుర్చీలోనే మొదలుపెడతాం. పైనుంచి ఆర్డరు వస్తుంది, మన సంతకం అడుగుతారు. ఇంట్లో మనకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు కాబట్టి, అలాంటప్పుడు ఏం చేయాలో ఫోన్ చేసి అడగడానికి మనకెవరూ ఉండరు. అందుకే ఈ మనిషి సంగతి తెలిసి ఉంటే మంచిదనిపించింది.

హ్యూ థాంప్సన్ 1943 ఏప్రిల్ 15న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరంలో పుట్టారు. పెరిగింది దానికి దగ్గర్లోని స్టోన్ మౌంటెన్ అనే ఊళ్లో. తండ్రి ఎలక్ట్రీషియన్, నౌకాదళంలో పనిచేసిన మనిషి. క్రమశిక్షణ విషయంలో చాలా గట్టివాడు. తప్పు చేస్తే తప్పించుకోవడం ఆ ఇంట్లో కుదిరేది కాదు.

ఆ ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి. నల్లవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ అనే సంస్థ 1915లో మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆ స్టోన్ మౌంటెన్ కొండ మీదనే. థాంప్సన్ చదువుకునే రోజుల్లో జార్జియాలో నల్ల పిల్లలకు వేరే బడి, బస్సులో వేరే సీట్లు, నీళ్లు తాగడానికి వేరే కుళాయి. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అలాంటి చోట థాంప్సన్ కుటుంబం తెల్లవాళ్లదే అయినా, జాతి వివక్షను తప్పని బాహాటంగా చెప్పేది, చుట్టుపక్కల ఇబ్బందుల్లో ఉన్న నల్ల కుటుంబాలకు చేతనైన సాయం చేసేది. నాన్నవైపు పూర్వీకుల్లో చెరోకీ మూలవాసులు కూడా ఉన్నారు. 1830లలో అమెరికా సైన్యం తుపాకులు చూపించి సొంత నేల నుంచి వెళ్లగొట్టిన జాతి అది. ఈ సంగతులన్నీ ఆ పిల్లవాడి మీద ఎంత పనిచేశాయో కొలిచి చెప్పలేం. కానీ తర్వాత జరిగినదాన్ని చూస్తే ఏమీ పనిచేయలేదని మాత్రం అనలేం.

చిన్నప్పుడు ఇంటికి ఆసరాగా పొలం దున్నే పని కూడా చేశారు. 1961లో హైస్కూలు పూర్తికాగానే నౌకాదళంలో చేరి, నిర్మాణ పనులు చేసే విభాగంలో పెద్ద యంత్రాలు నడిపారు. 1964లో బయటికొచ్చి సొంత ఊళ్లో అంత్యక్రియలు జరిపించే వృత్తి నేర్చుకుని, లైసెన్సు తీసుకుని ఆ పనిలో కుదురుకున్నారు. శవాలకు స్నానం చేయించి, బట్టలు తొడిగి, ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పి సాగనంపే పని. చనిపోయినవారిని ఎంత మర్యాదగా చూడాలో నేర్పే వృత్తి అది. నాలుగేళ్ల తర్వాత ఒక పంటకాలువలో ఆయన చూసిన దృశ్యాన్ని తలచుకుంటే ఈ వివరం మా మనసులోంచి పోవడం లేదు.

వియత్నాం యుద్ధం ముదిరింది. 1966లో థాంప్సన్ మళ్లీ సైన్యంలో చేరారు, ఈసారి హెలికాప్టర్ నేర్చుకోవడానికి. అప్పట్లో అమెరికా సైన్యంలో వారెంట్ ఆఫీసర్ పైలట్ కావడానికి డిగ్రీ అక్కర్లేదు, స్కూలు చదువు చాలు. టెక్సస్‌లోని ఫోర్ట్ వోల్టర్స్‌లోనూ, అలబామాలోని ఫోర్ట్ రకర్‌లోనూ శిక్షణ పొంది, 1967 డిసెంబరులో వియత్నాం చేరారు.

హెలికాప్టర్ అంటే మనకు ఎన్నికలప్పుడు కాలేజీ గ్రౌండులో ముగ్గుతో గుండ్రంగా గీసి దించేదీ, వరదలప్పుడు పులిహోర పొట్లాలు విసిరేదీ. దుమ్ము లేస్తుంటే పరుగెత్తుకెళ్లి చూసి వచ్చేస్తాం. దాన్ని నడపడం ఎంత కష్టమో చదివితేగానీ మాకూ తెలియలేదు. ఎడమచేతిలో ఒక లివరు ఉంటుంది, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ. కుడిచేతిలో కర్ర, ముందుకూ వెనక్కూ పక్కలకూ పోవడానికి. రెండు పాదాల కింద పెడళ్లు, మూతి ఏ దిక్కుకు తిరగాలో చూసుకోవడానికి. రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి పనిచేయాలి. ఒకటి కదిపితే మిగతా మూడూ సర్దాలి. విమానమైతే చేయి వదిలినా కాసేపు తిన్నగా పోతుంది. అప్పటి చిన్న హెలికాప్టర్లు అలా పోవు.

థాంప్సన్‌కు ఇచ్చింది ఓహెచ్-23 అనే చిన్న హెలికాప్టర్. ముందు భాగమంతా గాజు బుడగలా ఉంటుంది. ముగ్గురు పడతారు. దాని పని ఏమిటంటే చెట్ల మీదుగా బాగా కిందికి ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో వెతకడం. ఒక్కమాటలో చెప్పాలంటే ఎర. శత్రువు దీని మీద కాల్చితే, పైన ఎగిరే రెండు పెద్ద గన్‌షిప్ హెలికాప్టర్లు అతన్ని కాలుస్తాయి. ఇలాంటి పనికి తెగువ ఉండాలి, చేయి నిబ్బరంగా ఉండాలి. థాంప్సన్‌కు ఆ రెండూ ఉన్నాయి.

1968 మార్చి 16, శనివారం. క్వాంగ్ న్గాయ్ రాష్ట్రంలో సోన్ మీ అనే గ్రామం. దాని పరిధిలో చాలా పల్లెలున్నాయి. వాటిలో ఒకదానికి అమెరికా మ్యాపుల్లో మై లాయ్-4 అని పేరు. అక్కడ వియత్‌కాంగ్ గెరిల్లా బెటాలియన్ ఒకటి ఉందని సైన్యానికి సమాచారం. సంతరోజు కాబట్టి ఉదయం ఏడింటికల్లా మామూలు జనం ఊళ్లో ఉండరనీ, మిగిలినవాళ్లంతా శత్రువులేననీ సైనికులకు చెప్పి పంపారు. ఆ చార్లీ కంపెనీ సైనికులు అంతకుముందు వారాల్లో మందుపాతరలకు తోటివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు. రెండు రోజుల ముందే వాళ్లకు ఇష్టమైన సార్జంట్ ఒకరు అలాగే చనిపోయారు. కసి మీద ఉన్నారు. ఇది చెప్పాల్సిన విషయమే. కానీ ఇది జరిగినదానికి కారణమే తప్ప సాకు కాదని మా అభిప్రాయం.

మొదట ఫిరంగులు పేలాయి. ఏడున్నర ప్రాంతంలో సైనికులు దిగారు. థాంప్సన్ తన చిన్న హెలికాప్టర్‌తో ఊరి చుట్టూ తిరుగుతున్నారు. ఆయన వయసు ఇరవై నాలుగు. వెంట ఉన్న క్రూ చీఫ్ గ్లెన్ ఆండ్రియోటాకు ఇరవై. గన్నర్ లారెన్స్ కోల్‌బర్న్‌కు పద్దెనిమిది. అంటే మన హాస్టల్లో ఒక పీజీ విద్యార్థి, ఒక డిగ్రీ ఫైనలియర్ అబ్బాయి, ఒక ఫస్టియర్ అబ్బాయి అనుకోండి.

ఎంతసేపు తిరిగినా వాళ్ల మీదికి ఒక్క తూటా రాలేదు. ఎర వేసినా చేప లేదు. పైగా కింద పొలాల్లో, దారి పక్కన గాయపడ్డ పల్లె జనం కనిపించారు. వైద్యసాయం కావాలని గుర్తుగా థాంప్సన్ పైనుంచి ఆకుపచ్చ పొగ డబ్బాలు వేశారు. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి గాయపడ్డవాళ్లు శవాలయ్యారు. మొదట అర్థం కాలేదు. మళ్లీ గుర్తు పెట్టారు, మళ్లీ అదే. గాయపడి పడి ఉన్న ఒక ఆడమనిషి దగ్గరికి ఒక కెప్టెన్ నడిచి వెళ్లి, కాలితో కదిపి, వెనక్కి జరిగి కాల్చడం ముగ్గురూ పైనుంచి కళ్లారా చూశారు. అతను కంపెనీ కమాండర్ ఎర్నెస్ట్ మెదీనా. ఆమె చేతిలో గ్రెనేడ్ ఉందనుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. 1971లో సైనిక కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

ఊరి తూర్పున ఒక పంటకాలువ ఉంది. నీళ్లు పారాల్సిన కాలువ నిండా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కొందరు ఇంకా కదులుతున్నారు. థాంప్సన్ కిందికి దించి, అక్కడున్న సార్జంట్‌ను వీళ్లకు సాయం చేయలేరా అని అడిగారు. చేయగలిగిన సాయం చంపేయడమేనన్నట్టు అతను జవాబిచ్చాడు. అప్పుడు సెకండ్ లెఫ్టినెంట్ విలియం కాలీ వచ్చాడు. ఇక్కడ పెత్తనం తనదనీ, పైలట్ తన పని తను చూసుకుంటే మంచిదనీ తేల్చి చెప్పాడు. కాలీ వయసు కూడా ఇరవై నాలుగే. ఇద్దరూ 1943లోనే, రెండు నెలల తేడాతో పుట్టారు. ఇద్దరూ ఒకే సైన్యం, ఒకే యుద్ధం, ఒకే కాలువ గట్టు. హోదాలో మాత్రం లెఫ్టినెంట్ పైన, వారెంట్ ఆఫీసర్ కింద. నేల మీద థాంప్సన్‌కు ఏ అధికారమూ లేదు. పైకి లేచారు. లేస్తుండగానే సార్జంట్ కాలువలోకి మళ్లీ కాల్పులు మొదలుపెట్టినట్టు ఆండ్రియోటా చూసి చెప్పాడు.

ఊరి ఈశాన్యం వైపు వెళ్లేసరికి కొందరు పల్లె జనం ప్రాణభయంతో ఒక మట్టి బంకరు వైపు పరుగెడుతున్నారు. బాంబుల నుంచి తలదాచుకోవడానికి అక్కడి వాళ్లు ఇళ్ల దగ్గర తవ్వుకునే గుంతలు అవి. వాళ్ల వెనకాల అమెరికా సైనికులు వస్తున్నారు. మధ్యలో ఉన్నది కొద్ది గజాల దూరం. బంకరులోకి గ్రెనేడ్ పడటానికి నిమిషం కూడా పట్టదు.

థాంప్సన్ సరిగ్గా ఆ మధ్యలోనే హెలికాప్టర్ దించారు.

విమానయానం తెలిసినవాళ్లకు ఆ దించడం పెద్ద విద్య కాకపోవచ్చు. అంతకంటే కష్టమైన చోట్ల దించినవాళ్లు ఆ యుద్ధంలో వందలమంది ఉన్నారు. అయితే వాళ్లంతా శత్రువుకు ఎదురుగా దించారు. ఈయన సొంత సైన్యానికి ఎదురుగా దించారు. దిగేముందు తన కుర్రాళ్లిద్దరికీ ఒక మాట చెప్పారు. తాను వెళ్లి ఆ జనాన్ని బయటికి తెస్తానని, ఆలోగా మన సైనికులు ఆ జనం మీద గానీ తన మీద గానీ కాల్చితే వాళ్ల మీద తిరిగి కాల్చమని. పద్దెనిమిదేళ్ల కోల్‌బర్న్ మెషీన్‌గన్ పట్టుకుని నిలబడ్డాడు. అయితే దాని మూతిని నేలకేసి ఉంచాడు. పొరపాటున వేలు తగిలి తూటా పేలితే అక్కడ ఏమవుతుందో ఆ వయసులోనే అతనికి తెలుసు. ఇంత తెలివి పద్దెనిమిదేళ్లకు మాకు ఉండేదా అని అనుకున్నాం.

థాంప్సన్ నడుముకున్న పిస్తోలు తీయకుండానే లెఫ్టినెంట్ దగ్గరికి నడిచారు. బంకరులో ఉన్నది పిల్లలూ ఆడవాళ్లూనని, వాళ్లను బయటికి తీసే ఉపాయం ఉందా అని అడిగారు. గ్రెనేడ్ వేయడమే ఉపాయమని జవాబు. అంతకంటే మంచి ఉపాయం తన దగ్గర ఉందనీ, సైనికులను అక్కడే ఆపమనీ చెప్పి, ఆయన ఒక్కరే బంకరు దగ్గరికి వెళ్లారు. భాష రాదు. చేతులతో సైగలు చేసి పిలిచారు. ఒకరి వెనక ఒకరు, పదిమంది దాకా బయటికొచ్చారు. ముసలాయన, ఆడవాళ్లు, పసిపిల్లలు.

ఇప్పుడు వీళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలి? ఆయన హెలికాప్టర్‌లో ముగ్గురికే చోటు. నడిపించుకుని పోదామంటే చుట్టూ అదే సైన్యం. థాంప్సన్ రేడియోలో పైనున్న గన్‌షిప్ పైలట్లను పిలిచి దిగమన్నారు. గన్‌షిప్పులు యుద్ధం మధ్యలో నేల మీద దిగవు. దిగితే కూర్చున్న పిట్టలే. పల్లె జనాన్ని ఎక్కించుకోవడం వాటి పనే కాదు. అయినా ఆ పైలట్ మిత్రుడు ప్రశ్నలు వేయకుండా దిగాడు. రెండు విడతలుగా జనాన్ని దూరంగా, క్షేమమైన చోటికి చేర్చారు. అప్పటిదాకా థాంప్సన్ ఆ జనానికీ సైనికులకూ మధ్య నిలబడే ఉన్నారు.

తిరిగి వెళ్తూ మళ్లీ కాలువ మీదుగా ఎగిరారు. శవాల మధ్య ఏదో కదిలినట్టు ఆండ్రియోటాకు కనిపించింది. దించారు. ఆండ్రియోటా నడుం లోతు శవాల్లోకి దిగి వెతుక్కుంటూ పోయి, కింద ఇరుక్కుపోయిన ఒక పిల్లవాణ్ణి బయటికి తీశాడు. ఒళ్లంతా రక్తం, కానీ గాయం లేదు. ఏడవడం కూడా మర్చిపోయాడు. కోల్‌బర్న్ ఒళ్లో పెట్టుకున్నాడు. థాంప్సన్ క్వాంగ్ న్గాయ్ ఆసుపత్రికి తీసుకెళ్లి అప్పగించారు. ఇంటి దగ్గర ఆయనకు ఇంచుమించు అదే వయసు కొడుకు ఉన్నాడు. దారంతా ఆయన ఏడుస్తూనే నడిపారట. రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలో ఉంటాయని పైన చెప్పుకున్నాం కదా, కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ ఉండదు.

స్థావరానికి రాగానే పై అధికారుల ముందు నిలబడి కోపంగా, అరుస్తూ జరిగిందంతా చెప్పారు. ఆ మాట టాస్క్‌ఫోర్స్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ బార్కర్ దాకా వెళ్లింది. చంపడం ఆపమని రేడియోలో ఆదేశం పోయింది. సోన్ మీ స్మారకం మీద ఈ రోజు 504 పేర్లున్నాయి. అమెరికా సైన్యం తన లెక్కలో 347 అని చెప్పింది. థాంప్సన్ అరవకపోతే ఇంకెన్ని పేర్లుండేవో.

ఆ రోజు గురించి సైన్యం ప్రపంచానికి చెప్పిన లెక్క వేరు. 128 మంది శత్రువులు హతం, మూడు తుపాకులు స్వాధీనం. 128 మంది దగ్గర మూడే తుపాకులా అని అప్పుడు గట్టిగా అడిగినవాళ్లు లేరు. థాంప్సన్ ఫిర్యాదు మీద ఒక కల్నల్ విచారణ జరిపి, ఇరవైమంది పౌరులు పొరపాటున చనిపోయారని ఏప్రిల్‌లో రిపోర్టు రాసి ఫైలు మూసేశాడు.

ఇక ఆ మొదటి పతకం. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్. ఎగరడంలో గొప్ప నేర్పు, సాహసం చూపినవారికి ఇచ్చేది, పైలట్ జీవితంలో కలలు కనే గౌరవం. దాంతోపాటు ఇచ్చిన ప్రశంసాపత్రంలో థాంప్సన్ హోరాహోరీ ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్న ఒక పిల్లవాణ్ణి కాపాడారనీ, దానివల్ల వియత్నాం ప్రజలకూ అమెరికన్లకూ స్నేహం పెరిగిందనీ ఉంది. ఎదురుకాల్పులు లేనే లేవు. కాల్చినవాళ్లు ఒక వైపే ఉన్నారు. పిల్లవాడు నిజం, నేర్పు నిజం, మిగతాదంతా కల్పన. నోరు మూయించడానికే ఇచ్చారని ఆయనకు అర్థమైంది. పతకం పారేశారు. పతకం వస్తే పేపర్లో ఫొటో వేయించుకుని, ఊళ్లో ఫ్లెక్సీ కట్టించుకునే కాలంలో ఉన్న మాకు ఈ ఒక్క పని దగ్గర చాలాసేపు ఆగాలనిపించింది.

ఆండ్రియోటాకు బ్రాంజ్ స్టార్ ఇచ్చారు గానీ, తీసుకోవడానికి అతను లేడు. మై లాయ్ జరిగిన మూడు వారాలకే, 1968 ఏప్రిల్ 8న యుద్ధంలో చనిపోయాడు. థాంప్సన్ ఎగురుతూనే ఉన్నారు. చాలాసార్లు హెలికాప్టర్‌కు తూటాలు తగిలాయి. చివరిసారి కూలినప్పుడు వెన్నెముక విరిగింది. జపాన్ ఆసుపత్రిలో చికిత్స అయ్యాక అమెరికా పంపి, ఫోర్ట్ రకర్‌లో కొత్త పైలట్లకు నేర్పే పనిలో పెట్టారు.

సత్యం దానంతటదే బయటికి రాలేదు. రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు స్నేహితుల నోట విన్నదాన్ని కూడగట్టి 1969 మార్చిలో పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాశాడు. నవంబరులో సైమూర్ హెర్ష్ అనే విలేకరి కథనం వచ్చింది. ఆ రోజు అక్కడే ఉన్న సైనిక ఫొటోగ్రాఫర్ హేబర్లీ సొంత కెమెరాతో తీసిన రంగుల ఫొటోలు పేపర్లో పడ్డాయి. అప్పుడు దేశం ఉలిక్కిపడింది. థాంప్సన్‌ను వాషింగ్టన్‌కు పిలిచారు. వరుసలో నిలబెట్టిన అధికారుల్లో కాలీని గుర్తుపట్టి చూపించారు. సైన్యం విచారణలోనూ, పార్లమెంటు కమిటీ ముందూ, కోర్టుల్లోనూ చూసింది చూసినట్టు చెప్పారు.

దానికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? సైనిక వ్యవహారాల పార్లమెంటు కమిటీ అధ్యక్షుడు మెండెల్ రివర్స్ ఈ మొత్తం వ్యవహారంలో శిక్ష పడాల్సినవాడు ఎవరైనా ఉంటే అది థాంప్సనేనన్నాడు, సొంత సైనికుల మీదికి తుపాకులు తిప్పించాడు కాబట్టి. అధికారుల క్లబ్బులోకి వెళ్తే పక్కనున్నవాళ్లు లేచిపోయేవారు. అర్ధరాత్రి చంపేస్తామని ఫోన్లు. తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో చచ్చిన జంతువులు. ఊరు ఊరంతా వెలివేస్తే ఎలా ఉంటుందో మన తాతలకు తెలుసు. ఆయనకు ఒక దేశమే ఆ పని చేసింది.

కాలీకి 1971 మార్చిలో యావజ్జీవ కఠినశిక్ష పడింది, ఇరవై రెండు హత్యలకు. తీర్పు వచ్చాక దేశంలో లేచిన గోల కాలీ కోసం. థాంప్సన్ పుట్టిన జార్జియాలోనైతే తీర్పుకు నిరసనగా పట్టపగలు కార్లకు లైట్లు వేసుకుని తిరగమని గవర్నరే పిలుపునిచ్చారు. ఆయన తర్వాత అమెరికా అధ్యక్షుడై, నోబెల్ శాంతి బహుమతి కూడా పొందిన జిమ్మీ కార్టర్. మంచివాళ్లనుకున్నవాళ్లు కూడా జనం గాలి ఎటు వీస్తే అటు వంగడం అక్కడా ఉంది. అధ్యక్షుడు నిక్సన్ రోజుల్లోనే కాలీని జైలు నుంచి తీసి గృహనిర్బంధంలో ఉంచమన్నాడు. శిక్ష తగ్గుతూ తగ్గుతూ 1974లో బయటికొచ్చాడు. మై లాయ్ కేసులో శిక్ష పడింది అతనొక్కడికే. 2009లో ఒక సభలో పశ్చాత్తాపం ప్రకటించాడు, 2024లో చనిపోయాడు.

థాంప్సన్ ఆ తర్వాత కూడా సైన్యం వదల్లేదు. 1983లో మేజర్‌గా దిగిపోయి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు కంపెనీల కోసం హెలికాప్టర్ నడిపారు. పైకి మామూలు జీవితమే. లోపల మాత్రం పీడకలలు, తాగుడు, నిలబడని సంసారాలు. వీరుల జీవితచరిత్రల్లో ఈ భాగం దాటేసి రాస్తుంటారు. మాకు దాటేయాలనిపించలేదు. ఆ కాలువ ఆయన్ను కూడా వదల్లేదు. తర్వాత లూసియానాలో ఉంటూ మాజీ సైనికులకు కౌన్సెలింగ్ ఇచ్చే ఉద్యోగం చేశారు.

1989లో ఇంగ్లండ్ టీవీ వాళ్లు మై లాయ్ మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. దాన్ని చూసిన డేవిడ్ ఈగన్ అనే ప్రొఫెసర్ ఈ మనిషికి గౌరవం దక్కాలని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పార్లమెంటు సభ్యులకు, సైన్యాధికారులకు, పేపర్లకు. ఏళ్ల తరబడి రాశాడు. అర్జీలు పెట్టి పెట్టి అలసిపోయిన మనవాళ్లు ఈ పేరు కూడా గుర్తుంచుకోవాలి. చివరికి 1996లో సోల్జర్స్ మెడల్ మంజూరైంది. శత్రువుతో పోరులో కాకుండా వేరే సందర్భంలో ప్రాణాలకు తెగించినవారికి అమెరికా సైన్యం ఇచ్చే అత్యున్నత పతకం ఇది. ఆ రోజు ఆయన ఎదురు నిలిచింది శత్రువుకు కాదు కదా, వేరే పతకం సరిపోయేది కూడా కాదు.

అయితే పెంటగాన్ అధికారులు దీన్ని చప్పుడు లేకుండా, నాలుగు గోడల మధ్య ఇచ్చేద్దామనుకున్నారు. థాంప్సన్ ఒప్పుకోలేదు. ఇస్తే వాషింగ్టన్‌లో వియత్నాం సైనికుల స్మారకం దగ్గర అందరి ముందూ ఇవ్వాలన్నారు. తనకొక్కడికే కాదు, తన ఇద్దరు కుర్రాళ్లకూ ఇవ్వాలన్నారు. దానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. 1998 మార్చి 6న ఆ నల్లరాతి గోడ దగ్గర ముగ్గురికీ పతకాలిచ్చారు. చనిపోయిన 58 వేలమందికి పైగా అమెరికా సైనికుల పేర్లు చెక్కిన గోడ అది. అందులో గ్లెన్ ఆండ్రియోటా పేరు అప్పటికే ఉంది. ఏం చేశాడో మాత్రం ఆ రోజే అందరికీ తెలిసింది. మొదటి పతకం కాగితంలో ఉన్న ఎదురుకాల్పులు ఈ కాగితంలో లేవు. అమెరికా సైనికులు పౌరులను చంపుతుంటే అడ్డుకున్నారని ఉన్నదున్నట్టు రాశారు.

కొద్ది రోజులకే థాంప్సన్, కోల్‌బర్న్ కలిసి సోన్ మీ వెళ్లారు, సరిగ్గా ముప్పై ఏళ్లకు. బంకరులోంచి వచ్చినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు వాళ్లను కలిశారు. ఆ రోజు పసిపిల్లగా ఉన్నామె అప్పటికి సంసారి. చావు తప్పించుకున్న ఇంకొక స్త్రీ, ఆ రోజు కాల్చినవాళ్లు కూడా మీతోపాటు ఎందుకు రాలేదని అడిగింది. ఎందుకంటే వస్తే క్షమించి ఉండేవాళ్లమని. థాంప్సన్‌కు జవాబు దొరకలేదు. వాళ్లను క్షమించేంత గొప్ప మనసు తనకు లేదని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. ఆ కాలువ గట్టున ఇద్దరూ అగరొత్తులు వెలిగించారు. ఊరి పిల్లల కోసం కట్టిన కొత్త ప్రాథమిక పాఠశాలను ప్రారంభించారు. 2001లో మరోసారి వెళ్లినప్పుడు కాలువలోంచి తీసిన పిల్లవాడు, అప్పటికి నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఎదురొచ్చి కలిశాడు.

చివరి ఏళ్లలో సైనిక అకాడమీలు ఆయన్ను పిలిచి పాఠాలు చెప్పించుకున్నాయి. ఒకప్పుడు పక్కన కూర్చోవడానికి ఇష్టపడని సైన్యమే కాబోయే అధికారులను వరుసగా కూర్చోబెట్టి వినిపించింది. ఆయన మాట్లాడే పద్ధతి చాలా సాదాగా ఉండేదట. తానేదో గొప్ప చేశానని చెప్పుకునేవారు కాదు.

క్యాన్సర్ వచ్చింది. 2006 జనవరి 6న లూసియానాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో, అరవై రెండేళ్ల వయసులో థాంప్సన్ కన్నుమూశారు. పక్కన కోల్‌బర్న్ ఉన్నాడు. లఫాయెట్‌లో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. తుపాకులు మూడుసార్లు పేల్చి వందనం చేశారు, సమాధి మీదుగా హెలికాప్టర్ ఎగిరింది. కోల్‌బర్న్ ఆ తర్వాత పదేళ్లు బతికి 2016 డిసెంబరులో వెళ్లిపోయాడు. ఆ చిన్న గాజు హెలికాప్టర్‌లో ఆ ఉదయం కూర్చున్న ముగ్గురిలో అతనే చివరివాడు.